ఫోటోలు తియ్యరాదు

మా అమ్మ మొహం కనిపించే ఫోటో ఒక్కటే ఉంది. అది ఓటరు కార్డు మీది. తపాలా బిళ్ళ కన్నా కాస్త పెద్దది. అందులో మా అమ్మ కళ్ళు బెదిరినట్టుంటాయి. మొహం మీద సిరా ఒలికినట్టుంటుంది. మా అమ్మ నలుపే గాని అంత నలుపు కాదు. ఆ ఫోటోకి ఆవిడని బల్ల మీద కూచోబెట్టి 'తలెత్తమ్మా, కదలకు' అన్నవాణ్ణి నేనే. ఆ సంగతి తర్వాత చెప్తాను.

ఇంకో ఫోటో ఉండాలి. అది నేను తీసేను. మా అమ్మ తనకు తానుగా, తనకి నచ్చిన చోట, తనకి నచ్చిన కోక కట్టుకొని నిలబడి తీయించుకున్న ఫోటో. అది లేదు. ఎందుకు లేదో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

కెమెరా సరదా వస్తువు, గేటు దగ్గర దాన్ని ఆపితే కొంప మునిగిందా, దానికింత రాయాలా అని ఒక మిత్రుడన్నాడు. తాత ఫోటో, ముత్తాత ఫోటో గోడకి వేలాడుతున్న ఇంట్లో పుట్టినవాడికి అది సరదాయే. మాకు కాదు.

నేను దువ్వాడ వాణ్ణని చెప్పుకుంటాను. కాని నేను పుట్టింది దువ్వాడలో కాదు. పుట్టిన ఊరు ఇప్పుడు లేదు. విశాఖ ఉక్కు కర్మాగారం కోసం తీసుకున్న 64 ఊళ్ళలో మాదొకటి. దాదాపు 22 వేల ఎకరాలు పోయింది. 1966లో 'విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు' అని రాష్ట్రమంతా లేచింది. 32 మంది ప్రాణాలు పోయేయి. 1971 జనవరి 20న ఇందిరాగాంధీ వచ్చి పునాదిరాయి వేసింది. మా అయ్య నన్ను భుజం మీద ఎక్కించుకొని ఆ సభకి నడిచి వెళ్ళేడట. నాకప్పుడు ఆరేళ్ళు. పెద్దయ్యాక ఆనాటి ఫోటో ఒకటి చూసేను. వేదిక మీదున్నవాళ్ళు ఎవరెవరో గుర్తుపట్టొచ్చు. ముందున్న జనం మాత్రం ఆవాలు పోసినట్టున్నారు. అందులో మా అయ్య ఏ ఆవగింజో, ఆ భుజం మీద నేను ఏ ఆవగింజో.

మా పేటలో ఎవరికీ పట్టా భూమి లేదు. మా అయ్య పెద్దరైతు దగ్గర జీతగాడు. మా ఇళ్ళకి, పెరటి చెట్లకి లెక్కకట్టేరు. నిర్వాసితులకిచ్చిన ఆర్ కార్డుని మా అయ్య ట్రంకుపెట్టె అడుగున దాచేడు. ఆ కార్డు పట్టుకొని ఉద్యోగం కోసం ఎదురుచూసినవాళ్ళు వేలల్లో ఉన్నారు. ఆ ఎదురుచూపు గురించి వేరే రాయాలి.

ఊరు ఖాళీ చేసిన రోజు ఒకటి బాగా గుర్తుంది. పెద్దరైతుల ఇళ్ళల్లో గోడల మీంచి ఫోటోలు దింపేరు. అద్దాలు పగలకుండా దుప్పట్లలో చుట్టి బండెక్కించేరు. మా అయ్య ఆ బండికి సాయం పట్టేడు. తర్వాత మా ఇంటికొచ్చి సామాను కట్టేం. మా గోడ మీద దింపడానికి ఏమీ లేదు.

మాలపేట ఊరికి ఎడంగా ఉండేది. పేటకి ఆ చివర చింతచెట్టు. మా అమ్మ పెళ్ళయి కాపరానికొచ్చినప్పుడు మొదట కాలు పెట్టింది ఆ చెట్టు కిందేనట. కొన్నేళ్ళకి గోడ కట్టేరు. ఊరు, పేట, రెండూ గోడ లోపలికి పోయేయి. చింతచెట్టు మాత్రం గోడ బయట మిగిలింది. మమ్మల్ని ఊరికి దూరంగా పెట్టబట్టే అది మిగిలింది. అంటరానితనం మాకు చేసిన మేలు ఏదైనా ఉంటే అదొక్కటే.

నాకు కెమెరా 1984లో వచ్చింది. డిగ్రీ చదువుతూ, సెలవుల్లో కట్టుబడి పనుల్లో రోజుకూలికి వెళ్ళేవాణ్ణి. అక్కడొక మేస్త్రీ పని ముగించుకొని తన దేశం వెళ్ళిపోతూ తన ఆగ్ఫా క్లిక్ 3 కెమెరా నాకమ్మేడు. తొంభై రూపాయలు. రెండు విడతలుగా ఇచ్చేను. డబ్బాలాంటి కెమెరా. రీలుకి పన్నెండు ఫోటోలు. వెనక ఎర్ర అద్దం చిన్న కిటికీ ఉంటుంది. అందులో నంబరు కనిపించేదాకా మర తిప్పాలి. ఎండకొక గుర్తు, మబ్బుకొక గుర్తు. అంతకంటే తెలుసుకోవలసింది ఏమీ లేదు. నేను వేసేది ఊటీలో సర్కారు ఫ్యాక్టరీ తయారుచేసే ఇందు రీలు. రీలు కొని, కడిగించి, ప్రింట్లు వేయిస్తే మూడు రోజుల కూలి పోయేది. అందుచేత ఒక్కో ఫోటోకి వారం ముందు నుంచీ ఆలోచించేవాణ్ణి.

కాని మొదటి రీలులో ఆలోచించకుండా ఒక ఫోటో తీసేను. మా అమ్మ రైతు పశువులశాలలో పేడ తీసి తట్ట నెత్తిన పెట్టుకొని వస్తున్నాది. ఎండ ఏటవాలుగా పడుతున్నాది. బాగుందనిపించి నొక్కేను. ప్రింటొచ్చాక గొప్పగా తీసుకెళ్ళి చూపించేను. మా అమ్మ చాలాసేపు చూసింది.

"ఎవుల్నడిగి తీసినావు?" అంది.

"నువ్వేనమ్మా."

"నానేనని తెలస్తన్నాది. ఎవుల్నడిగి తీసినావంటన్నాను."

నేనేం మాట్లాడలేదు.

"పేడతట్ట నెత్తి మీదున్నప్పుడే నీకు నాను అవుపడ్డానా? ఆళ్ళు సూసీది అదే, నువ్వు సూసీది అదేనా?"

ఆ ఫోటో పొయ్యిలో పెట్టీసింది. నాకు కోపమొచ్చింది. మూడు రోజుల కూలి డబ్బు గుర్తొచ్చింది. ఆ కోపం తగ్గడానికి చాలా రోజులు పట్టింది. పట్నంలో ఒక హాల్లో ఫోటోల ప్రదర్శన చూసొచ్చేను అప్పట్లో. గోడల నిండా చిరుగుల బట్టలు, ముడతల మొహాలు, చీమిడి ముక్కుల పిల్లలు. ఏ ఒక్కదాని కిందా మనిషి పేరు లేదు. తీసిన వాడి పేరు మాత్రం ఉంది. నా కెమెరా కూడా మా అమ్మకి అదే చేసింది. ఫోటో తియ్యరాదని నా జీవితంలో నన్ను మొదట ఆపిన మనిషి మా అమ్మ. ఆ నిషేధం న్యాయమైనది. దాన్ని ఇప్పటికీ పాటిస్తున్నాను.

మా అమ్మ ఊరికే వద్దని ఊరుకోలేదు. కొన్నాళ్ళకి తనే అంది: "తీస్తే మన సింతసెట్టు కాడ తియ్యి. మంచి కోక కట్టుకుంటాను. కోక కొన్నాక సెప్తాను." ఆ కోక కొనడానికి ఏడేళ్ళు పట్టింది. మధ్యలో మా అయ్య పోయేడు. మా చెల్లి పెళ్ళి అప్పు తీరలేదు. నేనడిగినప్పుడల్లా 'ఇంకా అవనేదు' అనేది.

ఈలోగా 1987లో అమ్మవారి పండగ. ఏ ఊరో రాయను. మా పెద్దయ్య ఆ పండగకి డప్పు కొట్టడానికి వెళ్తుంటే నేనూ కెమెరా పట్టుకొని వెంట వెళ్ళేను. ఘటాలు బయల్దేరేయి. ముందు మావాళ్ళ డప్పులు, వెనక ఘటాలు, ఆ వెనక జనం. మా పెద్దయ్య డప్పు కాచి, వంగి, లేచి కొడుతున్నాడు. అరవై ఏళ్ళ మనిషి. కాలు నేల మీద ఆనడం లేదు. నేను కెమెరా ఎత్తేను.

"ఎవుడ్రా ఆడు? దింపు దాన్ని" అని ఒక పెద్దమనిషి కేక.

దింపేను. "అమ్మోరి పండగలో ఫోటోలు తియ్యకూడదు" అన్నాడాయన.

పక్కనే స్టూడియో ఆయన ఫ్లాషు వెలిగించి తీస్తున్నాడు. ఆయన్ని చూపించి "ఆయన తీస్తున్నారు కదండీ" అన్నాను.

"ఆయన్ని మేం పిలిచేం. నిన్నెవుడు పిలిచేడు?"

మమ్మల్నీ పిలిచేరు. డప్పు కొట్టడానికి పిలిచేరు. మా డప్పు లేకపోతే అమ్మవారు గుమ్మం దాటదు. కొట్టడానికి పిలుపుంది గాని చూడ్డానికి, చూసింది దాచుకోడానికి పిలుపు లేదు. నేనింకా ఏదో అనబోతున్నాను. మా పెద్దయ్య డప్పు ఆపీసి, చేతులు కట్టుకొని, "తప్పయిపోనాది బాబూ, సదూకున్న కుర్రోడు, తెలదు" అన్నాడు. అరవై ఏళ్ళ మనిషి నా మూలాన చేతులు కట్టుకున్నాడు. ఆ కెమెరా అప్పుడు నాకు బరువైపోయింది.

రాత్రి నడిచి ఇంటికొస్తుంటే మా పెద్దయ్య అడిగేడు. "నాను కొడతన్నప్పుడు ఒకటేనా తీసినావేటిరా?"

"లేదు పెద్దయ్యా."

"తీసుంటే బాగుణ్ణు" అన్నాడు. తర్వాత పండగకి ఆయన లేడు.

సింహాచలం గుడిలోకి కెమెరా తీసుకెళ్ళకూడదు. ఆ నిబంధన నాకు తెలుసు. ఎవరికైనా ఒకటే. కెమెరా బయట పెట్టి లోపలికెళ్ళొచ్చేను, బాధ పడలేదు. మా తాతకి మాత్రం కెమెరా లేకుండా ఒట్టి చేతుల్తో వెళ్ళడానిక్కూడా చట్టం కావలసొచ్చింది. విశాఖ అప్పుడు మద్రాసు రాష్ట్రంలో ఉండేది. గుళ్ళు మాకు తెరవాలని 1947లో మద్రాసు ప్రభుత్వం చట్టం చేసింది. నిన్న మొన్నటిదాకా మనిషే నిషేధం. ఆ మనిషి చేతిలో కెమెరా కనపడేసరికి నిషేధానికి కొత్త పేరొచ్చింది.

1988లో నాకు టీచరు ఉద్యోగమొచ్చింది. రిజర్వేషన్ మీదే వచ్చింది. చెప్పుకోడానికి సిగ్గు లేదు.

1991 వచ్చింది. ఆ ఏడాది మే 21 రాత్రి శ్రీపెరంబుదూరు సభలో రాజీవ్ గాంధీని మానవబాంబు చంపింది. కుట్ర చేసినవాళ్ళు ఫోటోలు తియ్యడానికి హరిబాబు అనే కుర్రవాణ్ణి తెచ్చుకున్నారు. పేలుడులో అతనూ చచ్చిపోయేడు. అతని కెమెరా మాత్రం పాడవలేదు. అందులో దొరికిన పది ఫోటోలే దర్యాప్తుకి దారి చూపించేయి. ఒక కెమెరా వల్లే హంతకులు దొరికేరు. కాని సభల గేట్ల దగ్గర మటుకు కెమెరా అంటే బాంబు అన్నట్టయిపోయింది. కాపలావాళ్ళ భయం అబద్ధమని నేననను. కళ్ళముందు జరిగింది మరి.

అదే ఏడాది ఆగస్టు 6న చుండూరు. సినిమా హాల్లో మన కుర్రవాడి కాలు ముందు కూచున్న అగ్రకులం వాడికి తగిలిందన్న గొడవతో మొదలయి, ఎనిమిది మంది దళితుల్ని నరికేదాకా పోయింది. సినిమా హాలు అందరిదీ. రాజ్యాంగం 15వ అధికరణంలో వినోదశాలలు, బావులు, చెరువులు, రోడ్లు పేరు పేరునా రాసి, కులం పేరుతో ఎవర్నీ ఆపకూడదని చెప్పింది. అందరి చోటులో కాలు తగిలితే ప్రాణం తీసేరు. నేను రోజూ స్కూల్లో పేపరు తెరిచి ఆ ఫోటోలు చూసేవాణ్ణి. అప్పుడే నాకొకటి తట్టింది. మావాళ్ళ ఫోటోలు పేపర్లో పడేది చచ్చేకనే. బతికుండగా, నవ్వుతూ, మంచి బట్టలు కట్టుకొని ఉన్నప్పుడు మమ్మల్ని తీసేవాడు లేడు. మేం తీసుకుంటే ఒప్పుకునేవాడూ లేడు.

ఆ చలికాలంలోనే, సంక్రాంతికి ముందు ఒక పొద్దున్న, మా అమ్మ ఇనప్పెట్టె తీసి కొత్త కోక బయటికి తీసింది. ఎర్రంచు నీలం నేత కోక. "పద" అంది.

దువ్వాడ నుంచి రైలుకట్ట పక్కన కొంత, రోడ్డు వెంట కొంత నడిచేం. చెట్టు దగ్గరికొచ్చేక మా అమ్మ చెప్పులు విడిచింది. గోడకేసి చూసి, "ఆ పక్కని మన పొయ్యి. అదిగో, ఆ ఎత్తున మీ అయ్య పడుకునీవోడు" అంది. నాకు గోడ తప్ప ఏమీ కనిపించలేదు. కర్మాగారం లోపల అనుమతి లేకుండా ఫోటోలు తియ్యకూడదు. మేం బయటే ఉన్నాం. ముందు చెట్టుని ఒక్కదాన్నే తీసేను. రెండోది మా అమ్మ. మాను మీద కుడి చెయ్యి వేసి నిలబడింది. నవ్వమన్లేదు నేను. తనే నవ్వింది. తర్వాత ఇంకో రెండు తీసేను. తిరిగొస్తూ మా వీధి పిల్లల్ని తీసేను. రీలులో ఇంకా మూడు మిగిలేయి.

ఆ సాయంకాలం ఒక పెద్ద సభ. ఎవరి సభో, ఎక్కడో రాయను. అలాంటివి నాకొక్కడికే జరగలేదు. మిగిలిన మూడూ అక్కడ తీసి రేపు కడిగిద్దామనుకున్నాను. గేటు దగ్గర బోర్డేమీ లేదు. కెమెరా తేకూడదని ఎవరూ ప్రకటించలేదు. నా ముందు ఒక కుర్రవాడు మెళ్ళో కెమెరాతో దర్జాగా లోపలికెళ్ళేడు. నన్ను ఆపేరు.

"ఏ పేపరు?" అన్నాడు కాపలా మనిషి.

"పేపరు కాదండీ. టీచర్ని. ఊరికే సరదాకి తీసుకుంటాను."

"ఎవరి తాలూకు?"

మా వైపు ఈ మాటే మొదట అడుగుతారు. పేరు తర్వాత. ముందెళ్ళిన కుర్రవాడు ఒక కాంట్రాక్టరు తాలూకు. నేనెవరి తాలూకు? నా జేబులో స్కూలు గుర్తింపు కార్డుంది, చూపించేను. కాపలా మనిషి దాన్ని చూస్తుంటే, పక్కన బ్యాడ్జీ పెట్టుకొన్న కార్యకర్త ఒకడు నన్ను ఎగాదిగా చూసి, "ఈడా? ఆ కాలనీలో మాలపేట వోడు. మేస్టరయ్యేడు" అన్నాడు. అన్నాక ఒక నవ్వు నవ్వేడు. కాపలా మనిషి కులం అడగలేదు. అతన్ని నేను తప్పుపట్టను. అడగకుండానే అతనికి అందింది. కార్డు నా చేతికిచ్చీసి, "కెమెరా ఇలా తే" అన్నాడు.

ఇచ్చేను. వెనక మూత తీసేడు. "రీలుందండీ, వెలుతురు తగిలితే పోతుందండీ" అని రెండు చేతులూ అడ్డం పెట్టేను. చెయ్యి తోసేడు. లోపలేదైనా దాచేనేమోనని రీలు బయటికి లాగేడు. జానెడు, మూరెడు, బారెడు. పడమటి ఎండ దాని మీద పడింది. చూసి, "ఏం లేదు. పో, కెమెరా ఇంట్లో పెట్టి రా" అని డబ్బా ఒక చేతిలో, రీలు ఒక చేతిలో పెట్టేడు. అరనిమిషం పని. అతనికి నేను రెండోసారి గుర్తుండను కూడా.

పరీక్షించడం వద్దని నేననలేదు. రీలు లేని కెమెరా చూపిస్తానంటే వినొచ్చు. లోపలికి రానివ్వనంటే వెనక్కొచ్చీవాణ్ణి. దాచిపెట్టి టోకెనిస్తే సభయ్యాక తీసుకునేవాణ్ణి. గుళ్ళ దగ్గర చెప్పులకి టోకెనిస్తారు. నా చెప్పులకి కూడా ఇచ్చేరు. అగ్రకులాల వీధిలోంచి వెళ్ళేటప్పుడు చెప్పులు చేత్తో పట్టుకొని నడిచిన వాడి మనవణ్ణి నేను. నా చెప్పులు భద్రంగా దాచి తిరిగిచ్చిన దేశం, మా అమ్మ మొహాన్ని దాచలేకపోయింది.

మర్నాడు స్టూడియో ఆయన కాళ్ళా వేళ్ళా పడి కడిగించేను. వెలుతురు తగిలినంత మేరా నెగెటివ్ బొగ్గులా నల్లబడిపోతుంది. ప్రింటు వేస్తే అక్కడ ఒట్టి తెలుపే. మొదట తీసినవి రీలులో లోపలి చుట్టలో ఉంటాయి. అతను ఆఖరి చుట్టదాకా లాగలేదు. అందుచేత మొదటి ఫోటో, చెట్టు ఒక్కటే ఉన్నది, బతికింది. రెండోది సగం బతికింది. చింతమాను ఉంది. దాని మీద మా అమ్మ చెయ్యి ఉంది, మోచేతి దాకా. గాజులు లెక్కపెట్టొచ్చు. అక్కణ్ణుంచి ఇవతలికి తెల్లగా ఉంది.

మళ్ళీ తియ్యొచ్చు కదా అని మీరడుగుతారు. నేనూ అదే అడిగేను. మా అమ్మ ఆ సగం ఫోటో చూసి, "ఎవులు పాడుసేసినారు?" అంది. చెప్పేను. గేటు, కాపలా, రీలు, అంతా చెప్పేను. 'మాలపేట వోడు' అన్న మాట చెప్పలేదు. చెప్పక్కర్లేకుండానే ఆవిడకి తెలిసింది.

"ఒక్కపాలి నిలబడ్డాను. నా మొకం తీసి ఎండలో పారీసినారు. ఇంకొద్దు" అంది.

ఆ మాటని కూడా పాటించేను. ఇంకో ఏడాదో రెండేళ్ళో పోతే మనసు మారుతుందనుకున్నాను. 1994లో రోడ్డు వెడల్పు చెయ్యడానికి చింతచెట్టు కొట్టీసేరు. ఆ తర్వాత అడగడానికి చోటే లేదు.

ఇప్పుడు ఓటరు కార్డు సంగతి. శేషన్ ఎన్నికల కమిషనరుగా ఉన్నప్పుడు, 1993లో, ఫోటో గుర్తింపు కార్డులు పెట్టేరు. మా దగ్గర స్కూల్లో ఫోటోలు తీసిన రోజు టీచర్లకే డ్యూటీ. నా పని వరస నిలబెట్టడం, పేరు చూడ్డం, పలకలాంటి అట్టమీద నంబరు రాసి పట్టించడం. జనం ఎక్కువ, ఫోటో తీసేవాడు ఒక్కడు, లైటు చాలదు. మా అమ్మ వరసలో వచ్చింది. పనిలోంచి అలాగే వచ్చేసింది. ఆ నీలం కోక కట్టుకోలేదు. "నాను తీయించుకోను" అంది. వెనకవాళ్ళు తొయ్యడం మొదలెట్టేరు. పైఅధికారి నాకేసి చూసేడు. "అమ్మా, ఇది గవర్నమెంటుది. తీయించుకోవాల" అన్నాను. తలెత్తమన్నాను, కదలొద్దన్నాను. మా అమ్మ నా మొహం చూసిన చూపు ఆ కార్డులో ఉంది. ఆ బెదురు కెమెరాని చూసి కాదు, నన్ను చూసి.

తనకి ఇష్టమైన ఫోటో తియ్యకూడదన్నారు. ఇష్టం లేని ఫోటో తీయించుకోవాలన్నారు. మొదటిదానికి ఎవరో కాపలా కాసేరు, రెండోదానికి నేనే కాసేను. ఇది రాయకుండా మిగతాదంతా రాస్తే దొంగతనం అవుతుంది. మా అమ్మ 1998లో పోయింది.

రిటైరయ్యాక నేను చట్టాలు చదివేను. అధికార రహస్యాల చట్టం 1923 నాటిది, ఇంగ్లీషువాడిది. నిషేధిత స్థలాల లెక్క అందులో ఉంది. సైన్యానికి, నౌకాదళానికి సంబంధించిన చోట శత్రువుకి పనికొచ్చేలా బొమ్మ తీస్తే పద్నాలుగేళ్ళ దాకా జైలు. విశాఖలో ఉన్నవాళ్ళకి అదెందుకో తెలుసు. 1971 డిసెంబరు యుద్ధంలో పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ మునిగింది మన తీరం దగ్గరే. నౌకాదళం గోడ దగ్గర నేను కెమెరా ఎత్తను. పోలింగు బూతులోకి ఫోను పట్టుకెళ్ళను. అవి మంత్రికీ కూలీకీ ఒకటే.

అదే 1923లో బొంబాయి శాసనమండలి ఇంకో తీర్మానం చేసింది. సర్కారు డబ్బుతో కట్టిన చెరువులు, బావులు, స్కూళ్ళు అంటరానివాళ్ళకి తెరవాలన్న బోలే తీర్మానం. కాగితం మీద చెరువు తెరుచుకుంది. గట్టు మీద మనుషులు తెరవనివ్వలేదు. నాలుగేళ్ళాగి 1927 మార్చి 20న అంబేడ్కర్ మహద్ చెరువులో దిగి దోసెడు నీళ్ళు తాగేక లోకానికి తెలిసింది. అక్కడ కాగితం తెరిచినదాన్ని మనుషులు మూసేరు. నా గేటు దగ్గర మూసిన కాగితమే లేదు. బోర్డు లేదు, ప్రకటన లేదు. ఉన్నది 'ఎవరి తాలూకు' అన్న ప్రశ్న ఒక్కటే. నిషేధం ఉంటే రాసి పెట్టండి. ఎందుకో కూడా రాయండి. రాసినది కాంట్రాక్టరు కొడుక్కీ నాకూ ఒకలాగే వర్తించనివ్వండి. మా వస్తువు తీసుకుంటే టోకెనివ్వండి, లోపలున్నది మాత్రం చెరపకండి. నేనడిగేది ఇంతే.

ఇప్పుడు కెమెరా ప్రతి జేబులోనూ ఉంది. 2021లో ఉక్కు కర్మాగారాన్ని ప్రైవేటుకి ఇచ్చేస్తారంటే కూర్మన్నపాలెం దగ్గర టెంట్లేసి దీక్షలు చేసేరు. నేనూ వెళ్ళి కూచున్నాను. వందల ఫోన్లు పైకి లేచేయి. ఎవరూ ఎవర్నీ అడగలేదు, ఆపలేదు. సంతోషమే. కాని ఆ ఫోన్లన్నీ వేదిక వైపే తిరిగేయి. వెనక వరసలో ఆర్ కార్డు మడత జేబులో పెట్టుకొని కూచున్న ముసలాయన్ని ఒక్కరూ తియ్యలేదు. 1971 ఫోటోలో ఆవగింజలు, ఇప్పుడూ ఆవగింజలే.

నేను ఆయన పక్కకెళ్ళి కూచున్నాను. "తాతా, ఫోటో తియ్యమంటావా?" అని అడిగేను. నాకన్నా పదేళ్ళు పెద్ద ఉంటాడంతే గాని అలవాటుగా తాతా అన్నాను. "ఎందుకూ?" అన్నాడు. మన ఊళ్ళు పోయేయి, మనుషులేనా ఉండాలి కదా అన్నాను. ఆలోచించి, "రేపు తియ్యి. గడ్డం గీసుకొని వస్తాను" అన్నాడు. వచ్చేడు. తెల్ల చొక్కా తొడుక్కొని వచ్చేడు.

అప్పట్నుంచి ఆ పని మీదే ఉన్నాను. దువ్వాడ చుట్టుపక్కల నిర్వాసిత కాలనీల్లో ముసలివాళ్ళ దగ్గరికి వెళ్ళి అడుగుతాను. ఎక్కడ నిలబడతారో, ఏం కట్టుకుంటారో వాళ్ళే చెప్తారు. కాగితం మీద ప్రింటు వేయించి ఒకటి వాళ్ళకిస్తాను, ఒకటి నా దగ్గరుంచుతాను. వెనక మనిషి పేరు, పోయిన ఊరి పేరు, పేట పేరు, తేదీ రాస్తాను. ఎవరైనా వద్దంటే తియ్యను. ఎందుకని అడగను.

మా ఇంట్లో గోడకి అంబేడ్కర్ ఫోటో ఉంది. దాని పక్కన ఆ సగం ఫోటో అద్దం కట్టించి పెట్టేను. మా మనవరాలు ఒకరోజు అడిగింది, ఆ తెల్లగా ఉన్న చోట ఏముందని. అక్కడ మీ ముత్తవ్వ నవ్వుతున్నాదని చెప్పేను.